పసుపు గుంపు

రాజమహేంద్రవరంలోని ఆ పరిశోధనశాలకు వచ్చిన మొదటి రోజునే డాక్టర్ వినీల జంతువుల గదిలోకి తొంగిచూసి, "ఆశీర్వాదం గారూ" అని పిలిచింది. ఇంకెవరైనా పెద్దమనిషి వచ్చాడేమోనని ఆశీర్వాదం వెనక్కి తిరిగి చూశాడు. పంతొమ్మిదేళ్ళ సర్వీసులో అతణ్ణి "ఏమోయ్" అన్నవాళ్ళున్నారు, "ఆ గినీ పిగ్గులాయన" అన్నవాళ్ళున్నారు గానీ, పేరుకి గారు తగిలించినవాళ్ళు ఎవరూ లేరు. ఆ ఒక్క ముక్కకే మనిషి సగం పడిపోయాడు. మిగతా సగం పడిపోవడానికి ఇంకో ఏడాది పట్టింది.

అతని భార్య రత్తమ్మ ఆత్రేయపురంలో పూతరేకులు తీస్తుంది. బోర్లించిన కుండ కింద మంట, పక్కన పల్చటి బియ్యప్పిండి నీళ్ళు. అందులో ముంచిన గుడ్డని కుండ మీద ఇలా పరిచి అలా లాగితే రేకు లేస్తుంది. ముప్పై ఏళ్ళుగా ఆ సెగ ముందే కూర్చున్న మనిషి కాబట్టి, నాలుగేళ్ళ కిందట ఎడమకన్ను ఎర్రబడి నీరు కారితే సెగ వల్లే అనుకున్నారు. తగ్గింది. మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చి వెళ్ళేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ మిగిలిపోయింది, ఆ కంటికి మనిషి ఉన్నట్టు తెలుస్తుంది గానీ ఎవరో తెలీదు.

కంటి డాక్టరు చీటీ మీద హెర్పిస్ అని రాశాడు. మందుల షాపాయన ఆ పేరు చదివి, అదేదో చెడు తిరుగుళ్ళకొచ్చే జబ్బన్నట్టు ఆశీర్వాదం వంక అదోలా చూసి, మూతి బిగించి నవ్వాడు. ఆ నవ్వు బస్సెక్కి ఆత్రేయపురం ఎలా వచ్చిందో ఎవరికీ తెలీదు గానీ వచ్చింది. రేకులు తీసేచోట ఆడవాళ్ళు రత్తమ్మ పీటకి కాస్త దూరం జరిగి కూర్చోవడం మొదలుపెట్టారు. ఆవిడ తన కుండని గోడవైపుకి తిప్పుకుని, అందరికీ వీపు పెట్టి పనిచేసుకునేది.

వినీల పరిశోధన కూడా ఆ జబ్బు మీదే అని ఆశీర్వాదానికి తెలిసింది గోడకంటించిన ఒక కాగితం చూసి. ఇంగ్లీషు పెద్దగా రాకపోయినా ఆ మాట అక్షరాలు చీటీ మీద చూసి చూసి అతనికి కంఠతా వచ్చేశాయి. నాలుగు రోజులు తటపటాయించి, ఐదోరోజు గడ్డికట్ట కింద పెట్టి, "మేడంగారండీ, ఒక్క మాట అడగొచ్చాండీ?" అన్నాడు.

"అడగండి."

అడిగాడు. అడుగుతున్నంతసేపూ నేలచూపులే. వినీల స్టూలు లాక్కుని కూర్చుంది, అతణ్ణీ కూర్చోమంది. ఈ కంటి వైరస్సూ పెదవి చివర పొక్కు తెచ్చే వైరస్సూ ఒకటేనని, చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళు ముద్దులాడేటప్పుడే సగం మందికి పైగా అంటుకుంటుందని, ఆ తర్వాత నరాల్లో దాక్కుని ఏ జ్వరానికో ఎండకో దిగులుకో పైకి వస్తుందని చెప్పింది. "ఆ మందుల షాపాయనకీ ఉండే ఉంటుందండి. ఆయనకి తెలీదంతే" అంది. నాలుగేళ్ళుగా గుండెల మీద ఉన్న బరువు ఆ స్టూలు దగ్గర దిగిపోయింది. కళ్ళు తుడుచుకోవడానికి అతను గడ్డికట్ట వంక తిరగాల్సి వచ్చింది.

ఆ ఆదివారం వినీల ఆత్రేయపురం వచ్చింది. జంగారెడ్డిగూడెంలో జీడిపప్పు వ్యాపారం చేసే ఇంటి పిల్ల, పీట వేయకముందే నేల మీద మఠం వేసుకుని రత్తమ్మ పక్కనే కూర్చుంది. రత్తమ్మ మొహమాటపడుతుంటే, ఆవిడ చేతిలోంచే చిరిగిన రేకు తీసుకుని అందరూ చూస్తుండగా నోట్లో వేసుకుంది. చుట్టూ ఉన్న పీటలు ఆ రోజే కాకపోయినా వారం పదిరోజుల్లో మెల్లిగా దగ్గరికి జరిగాయి. మందు వేయకుండా ఒక జబ్బుని సగం తగ్గించిన డాక్టర్ని ఆశీర్వాదం అంతకుముందు చూడలేదు.

"ఇంతకీ మీరక్కడ ఏం చేస్తారండీ?" అని రత్తమ్మ అడిగింది.

"టీకా అండి. దొంగ మొహం ఒంటికి ముందే చూపించి పెట్టడం అన్నమాట. హెర్పిస్ వైరస్ డీఎన్ఏలోంచి ఒక్క ముక్క తీసి ఎక్కిస్తాం. ఆ ముక్కతో జబ్బు రాదు, కానీ ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. ఇబ్బందేంటంటే, ఉత్త డీఎన్ఏ ఎక్కిస్తే ఒళ్ళు పెద్దగా పట్టించుకోదు. చాలామటుకు కణం లోపలికే వెళ్ళదు. లోపలికి దూరడం ఎవరికి బాగా తెలుసు? వైరస్‌కే. అందుకని జలుబు తెచ్చే వైరస్ ఒకటి తీసుకుని, దాని సంతతి పెరక్కుండా చేసి, ఈ ముక్కని దాని లోపల పెట్టి రెండో డోసుగా పంపిస్తాం. దాన్ని వెక్టర్ అంటాం."

రత్తమ్మ చేతిలోని రేకుని మడతపెట్టి, "అయితే రేకు దానిది, లోపల బెల్లం మీది" అంది.

వినీల నవ్వడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. "ఇక్కడికి రాకముందు నుంచీ, మూడేళ్ళుగా మీటింగుల్లో చెబుతున్నానండి, ఇంత పొట్టిగా ఒక్కసారీ చెప్పలేకపోయాను" అంది.

జూన్‌లో అసలు ప్రయోగం మొదలైంది. ఇరవై నాలుగు తెల్లటి గినీ పిగ్‌లు, గూటికి నాలుగు చొప్పున ఆరు గూళ్ళు. పన్నెండింటికి మొదట డీఎన్ఏ డోసు, మూడు వారాల తర్వాత వెక్టర్ డోసు. మిగతా పన్నెండింటికీ రెండుసార్లూ ఉత్త ఉప్పునీళ్ళు. ఆ తర్వాత అన్నింటికీ వీపు మీద హెర్పిస్ వైరస్ ఎక్కించి, వేటికి పుళ్ళొస్తాయో, వేటికి రావో చూడాలి. మూడేళ్ళ పని ఆ చూపు మీద ఆధారపడి ఉంది. ఫలితం తేలకపోతే ఇంక డబ్బు రాదని డైరెక్టర్ సత్యప్రసాద్ గారు ముందే చెప్పేశారు.

ఏది ఏ గుంపుదో తెలియడానికి వాటి వీపున రంగు గుర్తు పెడతారు. ఆశీర్వాదానికి తేలిగ్గా ఉండాలని వినీల తెలుగులో కాగితం రాసి గోడకంటించింది. టీకా గుంపు: పసుపు. ఉప్పునీళ్ళ గుంపు: ఎరుపు. ఎరుపుకి ఎర్రమందు సీసా ఉంది, పసుపుకి పిక్రిక్ ఆమ్లం అనే పచ్చటి మందు సీసా ఉంది. ఆశీర్వాదం ఎరుపు గుంపు మొత్తం పూర్తిచేశాడు. పసుపు గుంపులో రెండు గూళ్ళు అయ్యేసరికి పిక్రిక్ సీసా ఖాళీ అయింది. కొత్త సీసా కావాలంటే స్టోరులో కాగితం పెట్టాలి, దానిమీద సంతకాలు పడాలి, వారం పడుతుంది. మేడం పక్కగదిలో మొదటి డోసు సిద్ధం చేసుకుని కూర్చుంది.

ఆశీర్వాదం గోడ మీది కాగితం ఇంకోసారి చదివాడు. పసుపు అనే ఉంది. క్యాంటీన్‌కి వెళ్ళి గుప్పెడు పసుపు అడిగి తెచ్చి, స్పిరిట్‌లో కలిపి, మూడో గూడులోని నాలుగింటికీ వీపున దట్టంగా రాశాడు. పక్కపక్కన పెట్టి చూస్తే పిక్రిక్ కన్నా ఇదే నిగనిగలాడుతోంది. ఇంత చిన్న సంగతి మేడంకి చెప్పి పని ఆపడమెందుకనుకున్నాడు. జాబితాలో లేని పదార్థమేదీ జంతువులకు తగలకూడదని సత్యప్రసాద్ గారి ఆర్డరు ఒకటుంది. తనతో పాటు పనిచేసినాయన ఒకడు గదిలో దోమల మందు కొట్టి ఉద్యోగం పోగొట్టుకున్నది దానివల్లే. పసుపు కూడా పదార్థమేనని ఆశీర్వాదానికి తట్టలేదు. మనం రోజూ కూరలో వేసుకుని తినేదాన్ని పదార్థమని ఎవరనుకుంటారు?

రెండో డోసు రేపనగా, అప్పటికి మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. గోదావరి పోటు మీదుంది, ఊళ్ళో మురుగుకాలువలు దిగక వెనక్కి తన్నాయి. ఆశీర్వాదం మొదటి బస్సులో ధవళేశ్వరం బ్యారేజీ దాటి, మోకాటిలోతు నీళ్ళలో నడిచి వచ్చేసరికి జంతువుల గదిలో గూళ్ళు పేర్చిన ర్యాకు కూలిపోయి ఉంది. గూళ్ళు నీళ్ళలో అటూఇటూ తేలుతున్నాయి. మూల నిలబెట్టిన సున్నం బస్తా కరిగిపోయి గదంతా పాలనీళ్ళు. ఒక గూడు తలుపు ఊడి ఖాళీగా కనిపించింది, అందులోని నాలుగూ వరద పాలే. గూళ్ళకు కట్టిన చీటీల మీద సిరా కూడా మిగల్లేదు.

కళ్ళనీళ్ళు తుడుచుకుంటూనే ఒక్కొక్కదాన్నీ ఎత్తి, గుడ్డతో వత్తి, వీపున గుర్తు చూసి, రెండు బుట్టల్లో వేసుకుని పై అంతస్తుకి చేర్చాడు. పసుపువి ఎనిమిది తేలాయి, ఎరుపువి పన్నెండు. అంటే పోయిన నాలుగూ పసుపు గుంపువే. వినీల విని రిజిస్టరులో ఆ నాలుగింటినీ కొట్టేసింది. "మిగిలినవాటిని మీరే కాపాడారు ఆశీర్వాదం గారూ" అని, మర్నాడు ఎనిమిదింటికీ వెక్టర్ డోసు వేసింది. లెక్క అక్కడితో సరిపోయిందని అందరూ అనుకున్నారు.

ఆగస్టు వచ్చింది. మొదటి డోసుకి ఎనిమిది వారాలు నిండాయి, సోమవారం హెర్పిస్ వైరస్ ఎక్కించాలి. దానికి ముందు ఆదివారం ఉదయం ఆత్రేయపురంలో పక్కింటివాళ్ళ అమ్మాయి దుర్గాశ్రీని పెళ్ళికూతుర్ని చేస్తున్నారు. రత్తమ్మ అరుగు మీద కూర్చుని పళ్ళెంలో పారాణి కలుపుతోంది. ఆశీర్వాదం ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉప్మా తింటున్నాడు. పసుపు నీళ్ళలో రత్తమ్మ చిటికెడు సున్నం వేసి వేలితో తిప్పింది. పళ్ళెం ఎర్రబడింది.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చూస్తున్నదే. ఇవాళ మాత్రం ఉప్మా ప్లేటు కింద పెట్టేశాడు. సున్నపునీళ్ళలో తేలుతున్న గూళ్ళు కళ్ళముందుకొచ్చాయి. పోయిన నాలుగూ పసుపువి కాకపోవచ్చు, ఎరుపువి కావచ్చు. తను పసుపు రాసిన నాలుగూ బతికే ఉండి, ఎర్రటి వీపులతో ఉప్పునీళ్ళ గుంపులో కూర్చుని ఉండొచ్చు. వాటి ఒంట్లో డీఎన్ఏ డోసు ఉంది. రేపు వాటికి పుళ్ళు రాకపోతే, టీకా లేకుండానే బాగున్నాయని లెక్కలో పడుతుంది.

"ఏంటండీ, అలా అయిపోయారు?" అంది రత్తమ్మ.

ఆవిణ్ణి పెరట్లోకి పిలిచి మొత్తం చెప్పాడు. "చెబితే ఉద్యోగం పోతుందే. ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది."

"చెప్పకపోతే?"

"మేడంగారి పని చెడుతుంది. ఎందుకు చెడిందో మాత్రం ఎవరికీ తెలీదు."

రత్తమ్మ చేతి పారాణి కొంగుకి తుడుచుకుంది. "ఆవిడ ఆ రోజు నా పక్కన కూర్చుని తిన్నప్పుడు, తనకేమవుద్దో అని చూసుకుందా?"

అతను చెప్పులు వేసుకున్నాడు. రత్తమ్మ లోపలికి వెళ్ళి రెండు నిమ్మకాయలు తెచ్చి అతని చొక్కా జేబులో వేసింది. "పారాణి చీర మీద పడితే నిమ్మరసం పిండుతాం. మళ్ళీ పసుపైపోద్ది. అసలు ఎరుపైతే మారదు. ఈ సంగతి ఆవిడకి తెలుసో తెలీదో, చెప్పండి" అంది.

ఆదివారమైనా వినీల లాబ్‌లోనే ఉంది, మర్నాటికి అన్నీ సర్దుకుంటూ. ఆశీర్వాదం గుమ్మంలోనే నిలబడి ఒక్క గుక్కలో చెప్పేశాడు. క్యాంటీన్ పసుపు, సున్నం బస్తా, పారాణి పళ్ళెం, ఏదీ దాచలేదు. చివర్న, "కాగితంలో పసుపు అనే ఉంది కదాండీ అనుకున్నానండి. బుద్ధి లేకపోయింది" అన్నాడు.

వినీల మొహం పాలిపోయింది. "మూడేళ్ళు" అని మాత్రం అంది. లేచి బయటికి వెళ్ళి వరండా చివర కటకటాలు పట్టుకుని అటు తిరిగి నిలబడింది. ఆశీర్వాదం జీవితంలో అంత పొడుగు పావుగంట ఇంకోటి లేదు. తిడితే బాగుండుననుకున్నాడు, తిట్టడానికైనా వెనక్కి వస్తుందని.

వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మామూలుగానే ఉంది. "ఆ నాలుగూ ఏవో ఇప్పుడు ఎలా పట్టుకుంటాం?"

అతను జేబులోంచి నిమ్మకాయలు తీసి బల్లమీద పెట్టాడు.

పన్నెండింటినీ వరసగా తెచ్చాడు. వినీల దూదిని రసంలో ముంచి ఒక్కోదాని వీపున రాసి చూసింది. మొదటిది ఎరుపే. రెండోదీ ఎరుపే. మూడోదాని వీపున వెలిసిన ఎరుపు దూది కిందే మెత్తబడి, లేత పసుపుగా తేలింది. వినీల చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, వెంటనే నాలుక్కరుచుకుంది. లెక్కపెడితే సరిగ్గా నాలుగు. అక్కడితో ఆగలేదావిడ. రంగుని నమ్మనంటూ, సోమవారం వైరస్ ఎక్కించడం వాయిదా వేసి, పన్నెండింటి దగ్గరా రక్తపు చుక్క తీసి పరీక్ష పెట్టింది. ఆ నాలుగింటి రక్తమే హెర్పిస్ ముక్కని గుర్తుపట్టింది. నిమ్మకాయ చెప్పిందీ రక్తం చెప్పిందీ ఒకటే అయింది.

జరిగింది వినీల రాసి పంపాక, మంగళవారం సత్యప్రసాద్ గారు ఇద్దర్నీ పిలిచారు. ఆయన చెడ్డమనిషి కాదు, రూలు మనిషి. బల్లమీద మెమో కాగితం సిద్ధంగా ఉంది. "జాబితాలో లేని పదార్థం వాడారు. ఎవరి పొరపాటు?"

"నాదేనండి" అన్నాడు ఆశీర్వాదం.

"కాదండి, నాది" అంది వినీల. గోడమీంచి ఊడదీసుకొచ్చిన కాగితాన్ని ఆయన ముందు పరిచింది. "పసుపు అని రాసింది నేను. మందు పేరు రాయలేదు. తెలుగువాళ్ళకి పసుపంటే ఏంటో మీకూ తెలుసు. సీసా అయిపోతే వారం ఆగాలన్న పద్ధతి మనది. ఆయన నోరు విప్పకుండా ఉంటే తప్పుడు ఫలితం నా పేరుమీద అచ్చయ్యేది, ఎవరూ పట్టుకోలేకపోయేవారు. ఉద్యోగం పోతుందని తెలిసీ వచ్చి చెప్పారు. మెమో ఇవ్వాలనుకుంటే ముందు నాకివ్వండి."

సత్యప్రసాద్ గారు ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదివారు. ఎప్పటినుంచో బిగిసిన మూతి కొంచెం వదులైంది. మెమో మడిచి సొరుగులో పడేసి, "స్టోరు రూలు నేను మారుస్తాను. మీరు మీ పని చూసుకోండి" అన్నారు. ఆశీర్వాదం వినీల వెనకే బయటికి వచ్చాడు. ఆ అమ్మాయి తనకన్నా ఇరవై ఏళ్ళు చిన్నది. ఆ నిమిషంలో కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది. ఆవిడ ఒప్పుకోదని ఊరుకున్నాడు.

ఆ నాలుగింటికీ వెక్టర్ డోసు ఎనిమిది వారాలు నిండాక, ఆలస్యంగా పడింది. ఇంకో నాలుగు వారాలు ఆగి అన్నింటికీ వైరస్ ఎక్కించారు. ఆ తర్వాత పదిహేను రోజులూ ఆశీర్వాదం గడ్డి వేయడానికి వెళ్ళి వీపులు చూస్తూ నిలబడిపోయేవాడు. ఉప్పునీళ్ళ గుంపులో మిగిలిన ఎనిమిదింటికీ పుళ్ళొచ్చాయి. మూడు వారాలకే వెక్టర్ వేసిన ఎనిమిదింటిలో ఐదు శుభ్రంగా ఉన్నాయి, మూడింటికి చిన్న చిన్న పొక్కులొచ్చి మానిపోయాయి. పారాణి వీపుల నాలుగింటికి ఒక్క పొక్కు లేదు.

"గెలిచామాండీ?" అన్నాడు ఆశీర్వాదం.

"టీకా పనిచేస్తోందని చెప్పొచ్చు. ఆలస్యంగా వేస్తే ఇంకా బాగా పనిచేస్తుందా అన్నది మాత్రం నాలుగింటిని చూసి చెప్పలేమండి. మొదటి డోసుని ఒళ్ళు తీరిగ్గా ఒంటబట్టించుకుందేమో. కాకతాళీయం కూడా కావచ్చు. నలభై ఎనిమిదింటితో మళ్ళీ చేసి చూడాలి." అలా అంటూనే ఆవిడ కళ్ళు మెరుస్తున్నాయి. చేతిలోని రిపోర్టు తిప్పి, ఒక పేరా మీద వేలుపెట్టి తెలుగులో చదివి వినిపించింది. గుర్తు పెట్టడంలో జరిగిన పొరపాటు, దానికి కారణం తన కాగితం, దాన్ని కనిపెట్టి చెప్పినవారు శ్రీ పి. ఆశీర్వాదం, రంగు తేల్చే ఉపాయం శ్రీమతి పి. రత్తమ్మది. అచ్చులో ఆ పేరుకి శ్రీ ఎప్పుడూ తగల్లేదు. అతను ఇంకోసారి చదివించుకున్నాడు.

గోడమీద కొత్త కాగితం వెలిసింది. మూడు గుంపులు. మూడోదానికి ఎనిమిది వారాల ఎడం, పేరు పారాణి. అడుగున పెద్ద అక్షరాలతో, "రంగు: పిక్రిక్ సీసాలోది. క్యాంటీన్‌లోది కాదు" అని ఉంది.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి రత్తమ్మ చివరి రేకులు తీస్తోంది. ఆవిడ కుండ ఇప్పుడు గోడవైపు లేదు, అందరి మధ్యలోకి తిరిగి ఉంది. పేరు అచ్చయిన సంగతి చెబితే, "నా పేరెందుకండీ" అంటూనే రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. తర్వాత గుడ్డ పిండుతూ, అతని వంక చూడకుండా అడిగింది.

"మనుషులకి ఎప్పుడొస్తుందంటా?"

ఆశీర్వాదం పక్కనే కూర్చున్నాడు. ఆవిడ మంచి కన్నూ మచ్చ కన్నూ రెండూ కుండ మీదే ఉన్నాయి. "అదే అడిగానే. పదేళ్ళు పట్టొచ్చు, ఇరవయ్యేళ్ళు పట్టొచ్చు అన్నారు. వచ్చినా నీ కంటి మచ్చ పోదన్నారు. అసలు రాకపోవచ్చు కూడా అన్నారు."

రత్తమ్మ గుడ్డ పరిచి లాగింది. రేకు చిరక్కుండా లేచింది.

"రాకపోవచ్చు అని మీ మొహమ్మీదే చెప్పిందా?"

"ఆయ్, చెప్పారు."

"అయితే ఆవిడే తెస్తుంది" అంది రత్తమ్మ, ఇంకో రేకుకి గుడ్డ ముంచుతూ.